క్యాన్సర్ కుక్కకు అన్నం మాన్పించే విద్య

క్యాన్సర్ వచ్చిన కుక్క జీర్ణవ్యవస్థకు మూడు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది: కణితి వల్ల, దానికిచ్చే మందుల వల్ల, ఇంటికొచ్చే సలహాల వల్ల. మొదటి రెండింటికీ పశువైద్య గ్రంథాల్లో అధ్యాయాలున్నాయి. మూడోదానికి లేదు. న్యూజెర్సీలోని పిస్కాటవేలోనూ, దాన్ని ఆనుకున్న ఎడిసన్‌లోనూ కుక్కలున్న తెలుగు ఇళ్లలో ఇప్పుడు చెలామణీ అవుతున్న సిద్ధాంతం చిన్నది: క్యాన్సర్ చక్కెర తిని బతుకుతుంది, అన్నమంటే చక్కెరే, కనుక జబ్బు తేలిన రోజు నుంచి కుక్క గిన్నెలో మెతుకు కనబడకూడదు. నాలుగు నిమిషాల వీడియో చూసినవాళ్లు ఏళ్లకేళ్లు క్యాన్సర్ వైద్యం చదివినవాళ్లకు ఈ పాఠం అప్పజెబుతున్నారు. ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల నుంచి సోనా మసూరి బస్తా మోసుకొచ్చి రెండు పూటలా తాము తింటూ, లింఫోమాతో చిక్కిపోతున్న లాబ్రడార్‌కు మాత్రం కొబ్బరినూనె, పచ్చిమాంసం, పసుపు ముద్ద పెట్టడం ఈ సిద్ధాంతపు ఆచరణ.

పేగు లోపలి పొర శరీరంలో అతి వేగంగా కొత్తబడే భాగాల్లో ఒకటి. దాని లోతుల్లోని మూలకణాలు నిరంతరం విభజన చెందుతూ, కొద్ది రోజులకోసారి పై పొరను మార్చేస్తాయి. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను చంపుతాయి కాబట్టి కణితితోపాటు ఈ మూలకణాలూ దెబ్బతింటాయి. అందుకే మందు ఎక్కించిన 2 నుంచి 5 రోజుల్లో వాంతులు, విరేచనాలు, ఆహారం చూస్తేనే మొహం తిప్పుకోవడం కనిపిస్తాయి. కీమో మందుల్లో డాక్సోరుబిసిన్ పెద్దపేగును రేపుతుంది. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. మాస్ట్ సెల్ కణితులు మందు లేకుండానే పొట్టను పాడుచేస్తాయి: అవి విడుదల చేసే హిస్టమిన్ జఠరరసాన్ని పెంచి పుండ్లు పుట్టిస్తుంది. ఆ కణితులకు 2009లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన టొసెరానిబ్ కూడా విరేచనాలు, ఆకలి మందగించడం అనే చిక్కులు తెచ్చేదే. ఇన్ని రకాల బాధలకు ‘అన్నం మానేయండి’ అన్న ఒక్క మందు సరిపోతుందనుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడు ఒట్టో వార్‌బర్గ్. కణితి కణాలు ప్రాణవాయువు అందుబాటులో ఉన్నా గ్లూకోజును పులియబెట్టే పద్ధతిలోనే విపరీతంగా వాడుకుంటాయని 1920లలో ఆయన చూపాడు. 1931లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన చెప్పింది కణం సంగతి. వాట్సాప్‌కు వచ్చేసరికి అది గిన్నె సంగతైంది. కుక్కకు పిండిపదార్థం పూర్తిగా ఆపేసినా దాని రక్తంలో గ్లూకోజు ఉండనే ఉంటుంది, ఎందుకంటే కాలేయం మాంసకృత్తుల నుంచి దాన్ని తయారుచేస్తుంది. ఆహారంలో ఆ మాంసకృత్తులు తగినంత లేకపోతే శరీరం సొంత కండను కరిగిస్తుంది. కణితికి అందాల్సింది అందుతుంది, వెనక్కాళ్ల కండ పోతుంది. చక్కెరను మాడ్చి క్యాన్సర్‌ను చంపుతామని బయల్దేరినవాళ్లు ఇలా కుక్కను మాడుస్తారు.

శాస్త్రాధారం అడిగితే కొలరాడో పరిశోధన చూపిస్తారు. గ్రెగరీ ఒగిల్వీ బృందం 2000లో ‘క్యాన్సర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం అది. లింఫోమా ఉన్న 32 కుక్కలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఆహారంలో చేపనూనె, ఆర్జినైన్ కలిపారు. రెండో జట్టుకు అదే ఆహారం, చేపనూనె బదులు సోయానూనె, ఆర్జినైన్ లేదు. రెండు జట్లకూ డాక్సోరుబిసిన్ ఎక్కించారు. జబ్బు మూడో దశలో ఉన్న కుక్కల్లో, రక్తంలో డీహెచ్ఏ (చేపనూనెలోని కొవ్వు ఆమ్లం) పెరిగినవాటికి కొంత మేలు కనిపించింది. జట్ల మధ్య తేడా నూనెలోనూ ఆర్జినైన్‌లోనూ ఉంది, అన్నంలో లేదు. దీన్ని పట్టుకుని ‘అన్నం మానిపిస్తే కీమో అక్కర్లేదు’ అని ప్రచారం చేసేవాళ్లు ఆ పత్రం శీర్షిక కూడా చదివి ఉండరు. కీమో మందు పేరు అందులోనే ఉంది.

తోడేలు వాదం ఇంకొకటి. కుక్క పుట్టుకతో మాంసాహారి, దాని పేగుకు ధాన్యం పరాయిదట. 2013లో ‘నేచర్’ పత్రికలో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు దీనికి జవాబిచ్చారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువుకు తోడేలులో రెండు ప్రతులుంటే, పెంపుడు కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి వ్యవసాయం నేర్చాక అతని ఎంగిలి తిని బతకడానికి కుక్క శరీరమే మారింది. గంజి, మజ్జిగన్నం, రాగిసంకటి తిని పెరిగిన ఊరకుక్కలను చిన్నప్పుడు రోజూ చూసినవాళ్లే పిస్కాటవే చేరాక తోడేలు గురించి ఉపన్యసించడం వింత. మెత్తగా ఉడికిన తెల్లన్నం పీచు తక్కువగా, సులువుగా అరిగే ఆహారం. విరేచనాలతో వాచిన పేగుకు తోలు, కొవ్వు తీసేసి ఉడికించిన కోడిమాంసంతో దాన్ని కొద్ది రోజులపాటు పెట్టమని వైద్యులు చెప్పేది అందుకే.

అన్నం తీసేసిన చోట ఏదో ఒకటి చేరాలి కదా. చేరేది కొవ్వు. క్యాన్సర్‌కు కొవ్వు పనికిరాదన్న ధీమాతో గరిటెల కొద్దీ కొబ్బరినూనె పోస్తారు, కొందరు నెయ్యి. ఎక్కువ కొవ్వు ఒక్కసారిగా పడితే కుక్క క్లోమం వాచిపోవచ్చు; లింఫోమాకిచ్చే ఆస్పరాజినేజ్‌కూ అదే గుణం ఉంది. రెండూ కలిస్తే ఏమవుతుందో అత్యవసర విభాగంలో అర్ధరాత్రి వేసే బిల్లు చెబుతుంది. ధాన్యం లేని దుకాణపు ఆహారం కొనేవాళ్ల పరిస్థితీ గొప్పగా లేదు. బఠాణీలు, పప్పులు దండిగా ఉన్న అలాంటి ఆహారాలకూ గుండె కండరం సాగిపోయే జబ్బుకూ సంబంధం ఉండొచ్చని 2018 జులైలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది; కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డాక్సోరుబిసిన్ మోతాదు పోగయ్యేకొద్దీ దెబ్బతినేదీ గుండె కండరమే. అదే మందు మీదున్న కుక్కకు అదే అనుమానం ఉన్న ఆహారం ఏరికోరి పెట్టడాన్ని ఏ ప్రకృతి వైద్యం సమర్థిస్తుందో ఆ సలహాదారులే చెప్పాలి.

ఇక పసుపు ముద్ద. పసుపు, కొబ్బరినూనె, మిరియాల పొడి కలిపి ఉడికించిన ఈ లేహ్యాన్ని పాశ్చాత్యులు ‘బంగారు ముద్ద’ అని పేరు పెట్టి తిరిగి తెలుగువాళ్లకే అమ్మారు. దాన్ని విమర్శిస్తే సంస్కృతి మీద దాడిగా తీసుకుంటారు. గాయాలు మాన్పే పసుపు మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి దక్కిన పేటెంటును భారత సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ పోరాటం న్యాయమైనదే. అయితే పేటెంటు రద్దయిందంటే ఆ వాడుక మనకు ముందే తెలుసని తేలినట్టు. పసుపు లింఫోమాను నయం చేస్తుందని తేలినట్టు కాదు. పసుపులోని కుర్కుమిన్ పేగు నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పం. అది చేరడానికే మిరియాలు వేస్తారు. మిరియాల్లోని పైపరిన్ మనుషుల్లో కొన్ని మందుల విసర్జనను అడ్డుకుని రక్తంలో వాటి మోతాదు పెంచుతుంది. విన్‌క్రిస్టిన్‌కు సరైన మోతాదుకూ ప్రమాదకరమైన మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఆ మందు మీదున్న కుక్కకు, అందునా మందులను బయటికి తోసే జన్యువులోనే లోపం ఉండే కోలీ జాతులకు, వైద్యుడికి చెప్పకుండా మిరియాలు పెట్టడం జూదం.

‘రసాయనాలు పేగును కాల్చేస్తాయి, ప్రకృతి కాపాడుతుంది’ అనేవాళ్లకు పిస్కాటవేలోనే జవాబు కట్టి ఉంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్ ప్రాంగణంలోని వాక్స్‌మన్ సూక్ష్మజీవశాస్త్ర సంస్థ 1954లో మొదలైంది. దాని స్థాపకుడు సెల్మన్ వాక్స్‌మన్, బాయ్డ్ వుడ్రఫ్‌తో కలిసి 1940లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆక్టినోమైసిన్ తీశాడు. దాని ఒక రూపం, తొలి మందులకు లొంగని లింఫోమా ఉన్న కుక్కలకు నేటికీ వాడుకలో ఉంది. డాక్సోరుబిసిన్ కూడా మట్టి సూక్ష్మజీవి చలవే. విన్‌క్రిస్టిన్ సాక్షాత్తూ బిళ్ళగన్నేరు. పెరట్లో పూసినప్పుడు ప్రకృతి, సీసాలోకి ఎక్కగానే రసాయనమా? తెలుగు గర్వమే కావాలంటే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. న్యూజెర్సీ సరిహద్దును ఆనుకున్న పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకిచ్చాడు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే ఆ మందు నోటినీ పేగునూ పుండ్లు చేసేది. దాన్ని చూసి ఎవరూ పసుపుకు పరుగెత్తలేదు. మోతాదు సరిచేయడం నేర్చుకున్నారు.

పచ్చిమాంసం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కీమో తర్వాత 7 నుంచి 10 రోజులకు తెల్లకణాలు అడుగంటుతాయి, అప్పటికి పేగు గోడా బలహీనమై ఉంటుంది. సాల్మొనెల్లాకు అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. అమెరికా పశువైద్య సంఘం 2012లోనే పచ్చిమాంసం పెట్టొద్దంది. సాంబారన్నం, పులుసు మెతుకులు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలను పగలగొడతాయి. ఇంట్లో మిగిలిన మెట్రోనిడజోల్ మాత్ర ప్రతి విరేచనానికీ వేయడం మంచి బ్యాక్టీరియాను ఊడ్చేయడమే. నొప్పికి మనుషుల ఐబుప్రొఫెన్ వేయడం అంతకంటే పెద్ద నేరం.

2025 దాకా న్యూజెర్సీ రాష్ట్రంలో పశువైద్య కళాశాలే లేదు. రోవన్ విశ్వవిద్యాలయం తెరిచిందే మొదటిది. పెద్ద బోధనాసుపత్రి కావాలంటే పిస్కాటవే వాళ్లకు ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రి ఒక దారి. ఆ దూరాన్ని వాట్సాప్ గుంపులు నింపాయి. అక్కడ దొరకని సంగతులు మాత్రం కష్టమైనవేమీ కావు. మొదట ఆపాల్సింది వికారం. మారోపిటంట్ దానికి 2007 నుంచి కుక్కల కోసమే ఆమోదం పొందిన మందు. కీమో విరేచనాలకు దక్షిణ అమెరికా చెట్టు జిగురు నుంచి తీసిన క్రోఫెలెమర్‌కు 2021లో ఎఫ్‌డీఏ షరతులతో అనుమతినిచ్చింది. పెద్దపేగు విరేచనాలకు ఇసబ్గోల్ కొంత పనిచేస్తుంది, అదీ ఓక్ ట్రీ రోడ్డులోనే దొరుకుతుంది. వికారంగా ఉన్న రోజున కొత్త ఆహారం పెట్టకూడదు. కుక్క దానికీ ఆ బాధకూ ముడిపెట్టుకుని తర్వాత ఎప్పుడూ ముట్టదు. నోట్లో కుక్కడం కూడా అలాంటిదే.

అన్నం, కోడిమాంసం తాత్కాలికం. నెలల తరబడి ఇంటి వంటే పెట్టాలంటే కాల్షియం, జింకు, విటమిన్లు లెక్కగట్టి కలపాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో 200 ఇంటివంట పద్ధతులు పరీక్షిస్తే, 95 శాతంలో కనీసం ఒక్క ముఖ్య పోషకమైనా తక్కువైంది. అందుకు పశుపోషణ నిపుణులున్నారు, పేగు జబ్బులకు తయారైన ఆహారాలూ ఉన్నాయి. ఏది ఎంచుకున్నా వారానికోసారి కుక్కను తూచి, వీపు మీద కండ తడిమి చూడాలి. కొన్ని రోజులు ఏమీ తినకపోతే మెడలోంచి అన్నవాహికలోకి గొట్టం వేయించవచ్చు. చూడటానికి భయంగా ఉన్నా చాలా కుక్కలు దాన్ని పట్టించుకోవు. ఆగని వాంతులు, నల్లటి జిగట మలం, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, గుంపులో అడిగి జవాబు కోసం ఆగకుండా.