కార్డు కాదు... కస్టమర్ చేతిలో ఫోన్ చూడండి!

ఫైనలియర్ చదువుతున్న తమ్ముడొకడు ఆ మధ్య ఫోన్ చేశాడు. ‘అన్నా, మన ఊళ్లో షాపులకు ట్యాప్ రివ్యూ కార్డులు అమ్ముదామనుకుంటున్నా. ఉద్యోగం వచ్చేదాకా ఖర్చులకు ఉంటాయి, రెజ్యూమెలోనూ రాసుకోవచ్చు. ఎట్లుంటుంది?’ ఐడియా బాగానే ఉంది. ‘ఆ షాపులకు వచ్చేవాళ్ల ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఉందో లేదో చూశావా?’ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

వాణ్ని తప్పు పట్టను. నేనూ అక్కడే బోర్లా పడ్డాను కాబట్టి.

మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు. కర్నూలు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. మా చిన్నమ్మ అక్కడ చిన్న టిఫిన్ హోటల్ నడుపుతుంది. దారిన పోయేవాళ్లు మ్యాపులో చూసి ఎక్కువ రివ్యూలున్న చోట బండి ఆపుతారు. చిన్నమ్మ దోసె ఎంత బాగున్నా మ్యాపులో నాలుగే రివ్యూలు. అందులో ఒకటి నాదే! ఇంజినీరింగ్ చదివిన కొడుకున్నాక ఊరుకుంటామా? ఆన్‌లైన్‌లో ఒక ఎన్‌ఎఫ్‌సీ కార్డు తెప్పించి, రివ్యూ లింకు ఎక్కించి, గల్లాపెట్టె పక్కన స్టీలు బల్ల మీద దర్జాగా అతికించాను.

‘ఏంరా నాయనా, ఇది ఏటీఎం కార్డా?’ అంది చిన్నమ్మ. వచ్చినవాళ్లూ అదే అడిగారు. కొందరు ఫోన్ ఆనించినా ఉలుకూ పలుకూ లేదు. వారం గడిచినా కొత్త రివ్యూ ఒక్కటీ రాలేదు. తర్వాత తెలిసిన కారణాలు మూడు. ఒకటి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఎన్‌ఎఫ్‌సీయే ఉండదు. ఉన్నా కొందరు ఆఫ్‌లో పెట్టుకుంటారు. రెండు, మామూలు ఎన్‌ఎఫ్‌సీ ట్యాగును లోహం మీద అతికిస్తే సిగ్నల్ దెబ్బతింటుంది. దానికి ఫెర్రైట్ పొర ఉన్న ప్రత్యేక ట్యాగు కావాలి. మూడోది అన్నింటికన్నా పెద్దది. ఆ కార్డును ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఇవేవీ ముందు నేను ఆలోచించలేదు. కార్డు నాకు నచ్చింది, కొన్నాను, అంతే.

రెండు తలుపులు... ఇల్లు ఒక్కటే

అసలు సంగతి చూడండి. క్యూఆర్ కోడ్‌లో ఉండేదీ, ఎన్‌ఎఫ్‌సీ కార్డులో ఉండేదీ అదే లింకు. ఒకదాన్ని కెమెరా చదువుతుంది, రెండోదాన్ని రేడియో తరంగం చదువుతుంది. ‘స్మార్ట్ కార్డు’ అని ఎంత పెద్ద పేరు పెట్టినా లోపల ఉండే చిప్ చాలా చిన్నది. బాగా వాడే ఎన్‌ట్యాగ్ 213 రకంలో మనం రాసుకోగలిగేది 144 బైట్లే. లింకు దాచుకోవడానికి అది చాలు.

క్యూఆర్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాలను గుర్తించడానికి తయారుచేసింది. పేటెంట్ తన దగ్గరున్నా, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఇందులో పొరపాట్లను సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. అత్యధిక స్థాయి ఎంచుకుంటే కోడ్‌లో దాదాపు 30 శాతం దెబ్బతిన్నా చదవొచ్చు. చట్నీ మరకలు పడే బల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? పైగా యూపీఐ పుణ్యమా అని, కూరగాయల బండి దగ్గర కూడా జనం నలుపు తెలుపు గళ్లు కనబడితే ఫోన్ తీస్తారు. నేర్పించే పని లేదు.

ఎన్‌ఎఫ్‌సీ పనిచేసేది 13.56 మెగాహెర్ట్జ్ మీద. ఫోన్‌ను నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచే ఏ యాప్ తెరవకుండా ట్యాగు చదివే వీలుంది. అలాగని ఎన్‌ఎఫ్‌సీ దండగ అనను. పెద్ద హోటల్ రిసెప్షన్, డెంటల్ క్లినిక్, సెలూన్ లాంటి చోట కస్టమర్ కాసేపు నిలబడతాడు, పక్కన చెప్పడానికి మనిషీ ఉంటారు. అక్కడ ఒక్క ట్యాప్ హాయిగా ఉంటుంది. చూపు సరిగా లేనివాళ్లకు కెమెరా గురిపెట్టడం కన్నా ఫోన్ ఆనించడమే సులువు.

కానీ మా ఊరి లాంటి చోట నా ఓటు ముందు క్యూఆర్‌కే. బస్సు ఆగేది పది నిమిషాలు. తినేసరికే హారన్ కొడతాడు. రివ్యూ రాసే తీరిక ఎవరికుంది? పైగా అడవిలోకి దిగితే సిగ్నల్ సరిగా అందదు. అందుకే ఇప్పుడు చిన్నమ్మ పార్సిల్ కవర్ మీద, బిల్లు వెనకాల కోడ్ ముద్రించాం. అది కస్టమర్‌తో పాటు కర్నూలు దాకా వెళ్తుంది. ఇంటికెళ్లాక తీరిగ్గా స్కాన్ చేసుకుంటారు. కార్డు మాత్రం బల్ల దగ్గరే ఉండిపోతుంది. పక్కనే తెలుగులో ఒక్క వాక్యం రాశాం: ‘టిఫిన్ ఎట్లుందో చెప్పండి’. చిన్నమ్మ నోటితోనూ అడుగుతుంది. నిజం చెప్పాలంటే ఆ అడగడం వల్లే రివ్యూలు వస్తున్నాయి. కోడ్ దారి చూపిస్తోంది, అంతవరకే.

షాపు వాళ్లకు ఇచ్చే ముందు

ఈ పని చేయాలనుకుంటే నాలుగు జాగ్రత్తలు తీసుకోండి. రివ్యూ లింకు, క్యూఆర్ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. వాటికోసం నెలనెలా చందా కట్టే ‘డైనమిక్’ కోడ్ అక్కర్లేదు. చందా ఆగితే అచ్చేయించిన కోడ్ పనిచేయకుండా పోవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ ట్యాగు ఇస్తే లింకు రాశాక లాక్ చేయండి. లేకపోతే ఫోన్ ఉన్న ఎవరైనా అందులో ఇంకో లింకు రాసేయొచ్చు. క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అతికించారేమో అప్పుడప్పుడు చూసుకోమని ఓనర్‌కు చెప్పండి. ఆ ప్రొఫైల్ ఓనర్ పేరు మీదే ఉండాలి, మీ మెయిల్ మీద కాదు. రేపు మీకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తే వాళ్లు ఇబ్బంది పడకూడదు.

ఇంకోటి. ‘నాలుగైదు స్టార్లు ఇస్తే గూగుల్‌కు, తక్కువ ఇస్తే మాకు మాత్రమే’ వెళ్లేలా చేస్తామని కొందరు అమ్ముతారు. ఆ జోలికి పోకండి. మంచి రివ్యూలు మాత్రమే ఏరి అడగడం, రివ్యూకు బదులుగా డిస్కౌంట్ ఇవ్వడం రెండూ గూగుల్ నిబంధనలకు విరుద్ధం. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదని మన బీఐఎస్ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కూడా చెబుతోంది.

ఇది షాపులకే కాదు, మనకూ వర్తిస్తుంది. ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లకు టెలిగ్రామ్‌లో వచ్చే ‘ఇంటి దగ్గర కూర్చుని హోటళ్లకు ఫైవ్‌స్టార్ ఇవ్వండి, డబ్బు సంపాదించండి’ మెసేజ్ మీరూ చూసే ఉంటారు. మొదట చిన్న మొత్తాలు నిజంగానే వేస్తారు. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటారు, ముందు మీరు కట్టాలంటారు. కట్టింది వెనక్కి రాదు. ఎవరైనా అందులో ఇరుక్కుంటే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

చివరగా ఇంటర్వ్యూ సంగతి. ‘ఎన్‌ఎఫ్‌సీ ప్రాజెక్టు చేశాను’ అంటే విని ఊరుకుంటారు. ‘ముందు ఎన్‌ఎఫ్‌సీ పెట్టాను, పనిచేయలేదు. కస్టమర్ల ఫోన్లు చూశాను, కారణం తెలుసుకున్నాను, క్యూఆర్‌కు మార్చాను’ అంటే కుర్చీలో ముందుకు జరిగి వింటారు. నాకు అది స్వయంగా అనుభవమే. కాలేజీలో మనకు టెక్నాలజీ నేర్పిస్తారు. ఏది ఎక్కడ వద్దో మాత్రం స్టీలు బల్ల దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

ఈ ఆదివారం మీ వీధిలో ఒక షాపుకు వెళ్లండి. ఏదీ అమ్మకండి. గంటసేపు కూర్చుని, వచ్చేవాళ్ల చేతుల్లో ఏ ఫోన్లున్నాయో, ఎంతసేపు ఆగుతున్నారో, డబ్బు ఎలా కడుతున్నారో రాసుకోండి. ఏం పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.