సాత్వికులంటే నోరు మూసుకున్నవాళ్ళా?

మన పల్లెల్లో మందిరానికెళ్ళే పిల్లలకు మత్తయి అయిదో అధ్యాయం నోటికొచ్చు. దీనులు, దుఃఖపడేవాళ్ళు, సాత్వికులు, నీతి కోసం ఆకలిగొన్నవాళ్ళు ధన్యులని అందులో ఉంది. దాని మీద ప్రసంగం మాత్రం డెల్టాలో ఎక్కడ విన్నా ఒకటే: ఓర్చుకోండి, తగ్గించుకోండి, పైలోకంలో మీకు పెద్దపీట. తగ్గమని కూలివాడికే చెబుతారు, ఆసామికి ఎవరూ చెప్పరు. లూకా ఆరో అధ్యాయం తీయండి. పేదలు ధన్యులన్న నోటితోనే యేసు ధనవంతులకు శ్రమ తప్పదన్నాడు. ఆ సగం మన పుల్పిట్ల మీద వినపడదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాట దగ్గరికే వస్తాను. 'సాత్వికులు' సత్వ రజస్తమో గుణాల లెక్కలోంచి వచ్చిన మాట. గొడ్డుమాంసం తినే మనల్ని ఆ లెక్క ఎక్కడ కూర్చోబెడుతుందో చెప్పక్కర్లేదు. యేసు నోట ఆ ధన్యత వచ్చింది 37వ కీర్తన నుంచి. అక్కడ హీబ్రూలో ఉన్నది 'అనావీమ్': అణగదొక్కబడ్డవాళ్ళు. వాళ్ళకు దక్కుతుందన్నది స్వర్గం కాదు, భూమి. ఆ ఒక్క కీర్తనలోనే భూమిని స్వతంత్రించుకునే మాట అయిదుసార్లు వస్తుంది.

భూమి! 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకు కాలవ నీళ్ళొచ్చాయి, నేల బంగారమైంది. పాలేర్లుగా, కూలీలుగా దున్నింది, నాటింది, కోసింది మనవాళ్ళు. పట్టాలెవరి పేర్న ఉన్నాయి? ఏ ఆదివారమూ ఈ ప్రశ్న నా చెవిన పడలేదు.

ఇక నీతి. బయట సుమతి శతకం, మందిరంలో తాగకు, సినిమాకెళ్ళకు. (తాగుడు మానితే ఆడవాళ్ళకు సగం దెబ్బలు తప్పుతాయి, దాన్ని కాదనను.) కానీ గ్రీకులో అక్కడున్న 'డికయోసునే'కి న్యాయమనే అర్థమూ ఉంది. న్యాయం కోసం ఆకలిదప్పులున్నవాళ్ళు అని చదివి చూడండి, ఎవరు గుర్తొస్తారో.

నాకు చుండూరు గుర్తొస్తుంది. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ, సాంఘిక బహిష్కరణ, ఆ తర్వాత 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి కాలవల్లో పడేశారు. చచ్చిపోయినవాళ్ళలో బైబిలు పేర్లున్నవాళ్ళున్నారు. బతికినవాళ్ళు ఏం చేశారు? శవాలను ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు, ఆ చోటు రక్తక్షేత్రమైంది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టేదాకా పోరాడారు, బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవై మూడేళ్ళ ఆకలి అది. వీళ్ళు సాత్వికులు కారా?

సమాధానపరచేవాళ్ళు ధన్యులన్న మాట పట్టుకుని రాజీలకు తిరిగేవాళ్ళున్నారు. అట్రాసిటీ కేసు పెట్టిన ఇంటికి ఊరి పెద్దకంటే ముందు సంఘపెద్ద వస్తాడు. "క్షమించమ్మా, దేవుడు చూసుకుంటాడు" అంటాడు. తప్పు చేసినవాడు మాత్రం క్షమించమని అడగడానికి మాలమాదిగల గడప తొక్కడు! అయ్యా, అదే వరుసలో నీతి కోసం హింసపడేవాళ్ళు కూడా ధన్యులని ఉంది. ఓర్చుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఏ సంగతి మీద హింసిస్తారు?

వచ్చే భాగం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మీద. అబద్ధమాడకూడదని నేర్పే మందిరంలో ఒక పేరు, కుల సర్టిఫికెట్లో ఇంకో పేరు మనకెందుకొచ్చాయో చూద్దాం. జై భీమ్.