పక్క చేలో పాడుబావి: పూచీ ఎవరిది?

వానలు పట్టుకుంటే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో కూలికి పోయేవాళ్ళకు ఒక భయం పట్టుకుంటుంది. ఎండాకాలమంతా ఒట్టిగా నోరు తెరుచుకొని ఉన్న పాడుబావులు నాలుగు వానలకు సగానికి నిండుతాయి. చుట్టూ గడ్డీ, సర్కారు తుమ్మ కంపా ఏపుగా లేచి బావి దరి యాడుందో తెలియకుండా కమ్మేస్తాయి. తెల్లారకముందే చెనక్కాయ చేలకు పోయే ఆడకూలీలు, చెంబు పట్టుకొని చీకట్లో బయటికి పోయేవాళ్ళు, పొద్దుగూకినాక మేకలు తోలుకొచ్చే పిలకాయలు ఆ పక్కనే నడవాల. బావికి గట్టు లేదు, పిట్టగోడ లేదు. నాలుగు కంపమండలు అడ్డం ఏసినవాడు గూడా లేడు. అడిగితే "నా చేను, నా బావి. నిన్నెవరు ఈ పక్కకు రమ్మన్నారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మనవాళ్ళు తలొంచుకొని వచ్చేస్తున్నారు. చేను ఆయనది, మనకు సెంటు భూమి లేదు, ఆయనతో రేపు పనికి పిలిపించుకోవాల. అందువల్ల నోరు లేవదు. కానీ న్యాయమూ, చట్టమూ రెండూ ఆ ఆసామి చెప్పినట్లు లేవు. ఆ సంగతి కూలోళ్ళందరికీ తెలియాల.

అసలు ఈ బావులు ఎట్లా పుట్టాయో, ఎట్లా చచ్చాయో కాస్త చూద్దాం. స్వర్ణముఖి, బాహుదా, ఆరణి వంటి మన ఏర్లు వానకు పారి, వాన ఆగితే ఇసక తేలేవి. అందుకే సేద్యమంతా చెరువుల మీదా బావుల మీదా నడిచింది. తెల్లదొరల ప్రభుత్వం 1883లో భూమి అభివృద్ధి అప్పుల చట్టం చేసి తక్కావి అప్పులు ఇచ్చింది. ఆ అప్పులతో రైతులు బావులు తవ్వించారు. తవ్వించినవాడి పేరు రికార్డులో ఉంది. బండ పగలగొట్టి, తట్టలతో మన్ను మోసి తవ్వినది మాత్రం వడ్డెరలూ, మాలమాదిగ కూలీలూ. కపిల తోలిన కాలం పోయి ఆయిలింజన్లు వచ్చాయి, తరవాత కరెంటు మోటార్లు. 1983లో హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల శ్లాబు, 2004లో ఉచిత కరెంటు వచ్చాయి. అవి రైతుకు ఊరటే, వాటిని మనం తప్పుపట్టడం లేదు. అయితే నేలలోని నీళ్ళు ఎవరు ఎంత తోడుకోవచ్చునో అదుపు లేకుండా వదిలేశారు. మనది గట్టి రాతినేల. పైనున్న మెత్తటి పొరలో ఊరే నీళ్ళే బావికి ఆధారం. డబ్బున్నవాడు వందల అడుగులు బోరు దించాడు, చాలకపోతే పక్కన ఇంకొకటి ఏశాడు. ఆ దెబ్బకు చిన్నరైతు బావిలో ఊట నిలిచిపోయింది. 2002లో వాల్టా చట్టం చేశారు. బావులన్నీ నమోదు కావాల, కొత్త బోరుకు అనుమతి ఉండాల అని అందులో రాశారు. ఊర్లో ఎన్ని బోర్లు అనుమతితో పడ్డాయో చదివేవాళ్ళకే తెలుసు.

ఇప్పుడు ఈ పాడుబావుల ఆసాములు ఒక రకం వాళ్ళు కారు. ఒకటో రెండో ఎకరాలున్న రైతు ఉన్నాడు, పాపం అతనికి బావి పూడ్చే స్తోమతు లేదు. బావిలో తాతల నాటి భాగాలు ఉన్నచోట ఇంకా తిప్పలు. అన్నదమ్ముల బిడ్డలు ఏడెనిమిది మంది, ఒకడు ఊర్లో, ఒకడు తిరుపతిలో, మిగతావాళ్ళు బెంగుళూరులో. నీళ్ళున్నప్పుడు వంతు కోసం కొట్లాడినవాళ్ళే నీళ్ళు పోయినాక "నాది కాదంటే నాది కాదు" అంటున్నారు. పూడిస్తే అడంగల్లో నీటి ఆధారం పోతుందనీ, కరెంటు కనెక్షను పోతుందనీ కొందరికి అనుమానం. మూడో రకం వాళ్ళు ఉన్నారు. తిరుపతి చుట్టూ, రేణిగుంట, చంద్రగిరి పక్క భూములు కొని, రోడ్డు వైపు మాత్రం కంచె కట్టి ధర పెరిగేదాకా బీడు పెట్టేవాళ్ళు. వాళ్ళకు అది చేను కాదు, కాగితం. అందులో బావి ఉందన్న సంగతి గూడా వాళ్ళకు గుర్తుండదు. ఈ ముగ్గుర్నీ ఒకే గాటన కట్టకూడదని మా అభిప్రాయం.

వాడకంలో ఉన్నా పాడుబడినా, దోవ పక్క బావి ఏం చేస్తుందో చూశాం. 2018 మార్చిలో నిజామాబాదు జిల్లా మెండోరా దగ్గర ఆటో బావిలో పడి పదిమందికి తక్కువ కాకుండా చనిపోయారు. వాళ్ళలో పసిబిడ్డలు ఉన్నారు. 2020 అక్టోబరులో వరంగల్ పక్క గవిచర్ల దగ్గర జీపు బావిలోకి పోయింది. 2025 ఏప్రిల్ 4న మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో కూలికి పోతున్న ఆడవాళ్ళ ట్రాక్టరు బావిలో పడి ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎక్కడైనా పోయింది ఎవరో గమనించండి. సొంత కారులో పోయేవాడికి ఆ దోవ పని ఉండదు.

మన జిల్లాలోనే ఇంకొకటి జరిగింది. 2022 నవంబరులో బంగారుపాళ్యం మండలం మొగిలి దగ్గర ఒక ఏనుగు వ్యవసాయ బావిలో పడింది. అటవీశాఖవాళ్ళు వచ్చారు, జేసీబీ వచ్చింది. బావి ఒక పక్క తవ్వి దోవ చేస్తే ఏనుగు నడిచి పైకొచ్చి అడవికి పోయింది. మంచి పని చేశారు, ఏనుగుదీ ప్రాణమే. మేము అడిగేది ఒక్కటే. పడినాక రాగలిగిన జేసీబీ పడకముందు ఎందుకు రాదు?

చట్టం సంగతికి వద్దాం. పాడుబడిన బోరుగుంతల్లో పిల్లలు పడి చనిపోతున్న కేసులో సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న ఆదేశాలు ఇచ్చింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మన్ను, ఇసక, రాళ్ళతో పూడ్చాల. పల్లెల్లో సర్పంచి, వ్యవసాయశాఖ అధికారి కనిపెట్టి చూడాల. జిల్లాలో అమలు జరిగేటట్లు చూసే పూచీ కలెక్టరుది. చాలామంది అధికారులు దీన్ని చూపించి "ఇది బోర్లకే గదా, నేలబావికి వర్తించదు" అని దాటేస్తారు. మాట వరసకు అది నిజమే. అంతమాత్రాన నేలబావికి చట్టం లేదని కాదు.

1994 పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షనులో గ్రామ పంచాయతీ తప్పక చెయ్యాల్సిన పనులు రాసి ఉన్నాయి. వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడంతోపాటు వాడకంలో లేని బావులు పూడ్పించడం గూడా అందులో ఉంది. ఇంకా బలమైన ఆయుధం క్రిమినల్ చట్టంలో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 133వ సెక్షనుగా ఉండినది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షను అయింది. జనం నడిచే దోవకు గానీ, బహిరంగ స్థలానికి గానీ ఆనుకొని ఉన్న బావికో, గుంతకో కంచె కట్టమని ఆసామికి ఉత్తర్వు ఇచ్చే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. మన దగ్గర ఆయనే ఆర్డీఓ. ఆసామి వచ్చి తన మాట చెప్పుకోవచ్చు. ఉత్తర్వు ఖాయమైనాక చెయ్యకపోతే ఆ పని ప్రభుత్వమే చేయించి ఖర్చు అతని దగ్గర రాబట్టవచ్చు. విచారణ సాగుతుండగానే ప్రమాదం ఉందనుకుంటే ముందుజాగ్రత్త చర్యకు ఆదేశించవచ్చు. ఎవరూ చావనక్కరలేదు, రక్తం చూపించనక్కరలేదు.

"మా దగ్గర నిధుల్లేవు" అనే పాత పాటకు గూడా జవాబు 1980లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ మురికి కాలవల కేసులో సుప్రీంకోర్టు, డబ్బు లేదని చెప్పి ప్రజల పట్ల విధి ఎగ్గొట్టడానికి వీల్లేదనీ, మేజిస్ట్రేటు ఈ సెక్షను వాడి తీరాలనీ చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు 1957లో కేరళలో ఇ.ఎం.ఎస్. మంత్రివర్గంలో పనిచేసినవాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "జనం నడిచే దోవ" అని చట్టం అంటుంది. ఆసామి మొదట పట్టుకునేది దాన్నే. అది దోవే కాదు, నా గట్టు మీద నడుస్తున్నారు అంటాడు. కాబట్టి అర్జీ పెట్టకముందే ఆధారం కూడగట్టుకోవాల. గ్రామ నక్షాలో బండిబాట ఉందేమో సర్వేయరు దగ్గర చూడండి. నక్షాలో లేకపోతే ఎన్నేండ్లుగా నడుస్తున్నామో ముసలివాళ్ళ చేత రాయించి వేలిముద్రలు వేయించండి. దళితవాడ నుంచి శ్మశానానికి, చెరువుకు, బడికి పోయే దోవలైతే సాక్ష్యానికి కొదవుండదు.

ఖర్చు విషయంలో మన మాట స్పష్టంగా ఉండాల. పెద్ద ఆసామి, భూమి బీడు పెట్టిన వ్యాపారి తన ఖర్చుతో కంచె కట్టాల, లేదా పూడ్చాల. చిన్నరైతును మాత్రం పోలీసు స్టేషను చుట్టూ తిప్పడం మన పని కాదు. అట్లా చేస్తే ఇద్దరు పేదోళ్ళ మధ్య తగవు పెట్టి మూడోవాడు నవ్వినట్లవుతుంది. అతని బావికి పంచాయతీ నిధుల నుంచో, గ్రామీణ ఉపాధి పనుల కిందో గోడ కట్టించాల. ఉపాధి హామీలో మనం వేల కందకాలు, గుంతలు తవ్వినాం. ఈ పనికీ కూలి దొరుకుతుంది. అన్ని బావులూ పూడ్చాలని గూడా మేము అనడం లేదు. చుట్టూ గోడ, పైన ఇనుప చట్రం పెట్టి, వాననీళ్ళు మన్ను తేరిన తర్వాత లోపలికి పోయేటట్లు చేస్తే, ఊట కొంతైనా నేలకు తిరిగొస్తుంది. పీనుగులు, చెత్త పారేసి పూడ్చే పద్ధతి మాత్రం వద్దు. పక్క బావి నీళ్ళు చెడతాయి.

పనికి దిగే కూలోళ్ళకు ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వా జిల్లాలో బావి శుభ్రం చేయబోయి విషవాయువుకు ఎనిమిది మంది చనిపోయారు. ఒకర్ని కాపాడబోయి ఒకరు దిగినారు. దీపం దించి చూడడం మనవాళ్ళకు అలవాటే. దీపం ఆరిపోతే సరే, దిగకూడదు. వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని నమ్మకం లేదు. పాడుబావిలోకి మనిషిని దించకుండా పైనుంచే పని చెయ్యమని పట్టుబట్టండి.

అర్జీలో సర్వే నంబరు, దోవకు బావి ఎన్ని అడుగుల దూరమో, లోతు ఎంతో రాసి, తేదీ ఉన్న ఫొటో అంటించండి. ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి తహశీల్దారుకు, ఒకటి ఆర్డీఓకు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రశీదు తీసుకోండి, నోటిమాటకు లెక్క లేదు. గ్రామసభలో తీర్మానం రాయించి మినిట్సు పుస్తకంలో ఎక్కిందా లేదా చూడండి. ఉత్తర్వు వచ్చేదాకా బావి వైపు ఎర్రగుడ్డ కట్టిన గుంజలు నాటొచ్చు, ఆసామి చేలోకి పోకుండా దోవ అంచునే. వానలు ముదరకముందే ఒక పూట పదిమంది కొడవళ్ళు పట్టుకొని పోయి దోవ పక్క గడ్డి కోసేస్తే బావి నోరు కనబడుతుంది.