బ్యాటరీకి వడదెబ్బ

పుష్యమాసపు అమావాస్యనాడు ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరులో నాగోబా జాతర మొదలవుతుంది. అది చూడాలని కరీంనగరు నుంచి ఒక కుటుంబం ముందురోజే కారులో బయలుదేరి, ఆదిలాబాదులో మేనమామ ఇంట దిగిందనుకోండి. రాత్రంతా చలి వణికించింది. తెల్లవారి పిల్లలు ఉత్సాహంగా కారెక్కారు. నాన్న తాళంచెవి తిప్పాడు. టిక్కుటిక్కుమన్నదే గాని ఇంజను కదలలేదు.

"ఈ చలికి బ్యాటరీ చచ్చింది!" అన్నాడు నాన్న.

మామయ్య నవ్వి, "ఎండాకాలం కారు ఎక్కడ నిలుపుతారు, బావా?" అని అడిగాడు.

"ఇంటి ముందర, ఎండలోనే. ఎందుకు?"

ఎందుకో మనం తెలుసుకుందాం.

ఇటువంటి సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. మామూలు కారు బ్యాటరీలో ఆరు సెల్లులుంటవి. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిసి 12 వోల్టులు. ప్రతి సెల్లులోనూ సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు నీరు కలిపిన గంధకికామ్లంలో మునిగి ఉంటవి. కరెంటు ఇచ్చేటప్పుడు పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఇంజను తిరిగి బ్యాటరీ చార్జి అయితే అది పోతుంది. చార్జి లేకుండా చాలాకాలం వదిలేస్తే మాత్రం సల్ఫేటు గట్టిపడి, ఇక వదలదు.

పూర్వపు కరీంనగరు జిల్లాలోని రామగుండంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. కారు బానెట్టు కింద వేడి ఇంకా ఎక్కువ. 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుంది. అందుచేత ఊరికే ఉన్న బ్యాటరీలో కూడా చార్జి త్వరగా తగ్గుతుంది, లోపలి చట్రాలు చివికిపోతవి, నీరు ఆవిరవుతుంది. ఇదే బ్యాటరీకి తగిలే వడదెబ్బ!

కాని వేసవిలో ఇది బయటపడదు. వేడిగా ఉన్న ఇంజను సులభంగా తిరుగుతుంది గనుక బలహీనపడిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. ఆదిలాబాదు చలిరాత్రులలో ఇంజను నూనె చిక్కబడుతుంది, తిప్పటానికి ఎక్కువ బలం కావాలి. అదే సమయంలో బ్యాటరీలో చర్య మందగిస్తుంది. మంచి బ్యాటరీ తట్టుకుంటుంది. వేసవిలో దెబ్బతిన్నది చేతులెత్తేస్తుంది. నేరం ఎండది, నింద చలిది!

ఎప్పుడూ పక్కవీధి దాకానే కారు నడిపితే, స్టార్టు చేయటానికి ఖర్చయిన చార్జి తిరిగి నిండదు. లోపలి దీపం రాత్రంతా వెలిగినా ముప్పే. దిగేటప్పుడు దాన్ని చూడటం మీ పని. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరునీళ్ళలోని లవణాలు పలకలకు చేటు. మూత తీయటం మాత్రం పెద్దల పని. ఆమ్లం ఒళ్ళు కాలుస్తుంది, చార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రొజను నిప్పు తగిలితే పేలుతుంది. పాత బ్యాటరీని పగలగొట్టి ఆడకండి. సీసం విషం; పిల్లల మెదడుకు మరీ హాని. దుకాణంలో తిరిగి ఇచ్చేస్తే ఆ సీసంతోనే కొత్త బ్యాటరీలు చేస్తారు.

మామయ్య తన కారు బ్యాటరీకి తీగలు కలపగానే ఇంజను లేచింది. పిల్లలు జాతర చూశారు. ఊరు చేరాక నాన్న బ్యాటరీ మార్పించాడు. ఆ వేసవి నుంచి కారు వేపచెట్టు నీడన ఉంటున్నది.