ముఖం నచ్చింది సరే, నేల సంగతేంటి?



గడ్డం మీద నిలువు గీతలు, కళ్ల చివరన సన్నటి గీతలు, పొడవాటి నల్లని జుట్టు. ఆ అమ్మాయి ఫొటో మీలో చాలామంది ఫోన్‌లోకి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. పేరు క్వానా చేసింగ్‌హార్స్. "టాటూ భలే ఉంది" అనుకుని లైక్ కొట్టి ముందుకెళ్లిపోయి ఉంటారు. ఈసారి కాసేపు ఆగండి. ఆమె కథలో మనకు పనికొచ్చేది చాలా ఉంది.

క్వానా 2002లో పుట్టింది. అలాస్కాలోని హాన్ గ్విచిన్, దక్షిణ డకోటాలోని లకోటా, ఈ రెండు మూలవాసీ జాతుల బిడ్డ. వేట, చేపలు పట్టడం, మంచు మీద కుక్కల బండి తోలడం, ఇవన్నీ వచ్చు. చిన్నప్పటి నుంచీ మోడల్ కావాలని ఆశ. కానీ పత్రికల్లో ఎక్కడా తనలాంటి ముఖం కనబడలేదని తనే చాలాసార్లు చెప్పింది.

ఆ గీతలు ఏ షాపులోనో వేయించుకున్నవి కావు. హాన్ గ్విచిన్ ఆడవాళ్లకు తరతరాలుగా ఉన్న ఆచారం అది. మిషనరీలు, వలస పాలన వచ్చాక ఆ ఆచారం దాదాపు ఆగిపోయింది. క్వానాకు 14 ఏళ్లప్పుడు మొదటి గీతను తల్లే తన చేత్తో, సూదితో పొడిచింది. ఒక తరం చేత మాన్పించినదాన్ని ఇంకో తరం మళ్లీ ముఖం మీదే రాసుకుంది.

ఇక్కడ మన అవ్వలను గుర్తు చేసుకోండి. నుదుటి మీద, చేతుల మీద వాళ్ల పచ్చబొట్లను చూసి మనం గర్వపడ్డామా, లేక హాస్టల్‌కి వెళ్లాక ఎవరైనా నవ్వుతారని సిగ్గుపడ్డామా? ఎవరి జవాబు వాళ్లే చెప్పుకోవాలి.

ఇంకో విషయం జాగ్రత్తగా చూడండి. క్వానా ముందు మోడల్ అయి తర్వాత ఉద్యమంలోకి రాలేదు. ముందు ఉద్యమం, తర్వాతే కెమెరా.

అలాస్కా ఉత్తర తీరంలో ఒక పెద్ద అభయారణ్యం ఉంది. పోర్క్యుపైన్ మంద అని పిలిచే కారిబూ జింకలు ఏటా ఆ తీర మైదానానికి వెళ్లి పిల్లల్ని పెడతాయి. గ్విచిన్ ప్రజల తిండి, బట్ట, కథ, పాట అన్నీ ఆ జింకల చుట్టూనే. అందుకే ఆ చోటును వాళ్లు జీవం మొదలయ్యే పవిత్ర స్థలం అంటారు. దాని కింద చమురు ఉందని అక్కడి ప్రభుత్వం 2017లో ఒక పన్నుల చట్టంలో కలిపేసి తవ్వకాలకు దారి తెరిచింది. పన్నుల చట్టానికీ జింకలకీ ఏం సంబంధం అంటారా? మన కొండల కింద బాక్సైట్ ఉందని తెలిసిన రోజు నుంచి ఇలాంటి దారులు మనకూ అలవాటే కదా.

ఆ తవ్వకాలు వద్దని వాషింగ్టన్ దాకా వెళ్లి నాయకుల ముందు మాట్లాడిన పిల్లల్లో క్వానా ఒకరు. 2019లో అలాస్కా మూలవాసుల మహాసభలో తనకంటే చిన్నదైన ఇంకో అమ్మాయితో కలిసి నిలబడి వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించాలని పట్టుబట్టింది. పెద్దలు వాదించారు, చివరికి తీర్మానం నెగ్గింది. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు.

ఆ తర్వాత 2020లో కాల్విన్ క్లైన్ కంపెనీ ఓటు హక్కు ప్రచారానికి ఆమెను తీసుకుంది. అదే ఏడాది చివర్లో పెద్ద మోడలింగ్ ఏజెన్సీ ఐఎంజీ ఒప్పందం చేసుకుంది. తర్వాత వోగ్ మెక్సికో ముఖచిత్రం. 2021 సెప్టెంబర్‌లో న్యూయార్క్ మెట్ గాలా. ఆ ఏడాది అంశం అమెరికా ఫ్యాషన్. ఆమె బంగారు రంగు దుస్తుల మీద నవాహో వెండి, టర్కాయిస్ రాళ్ల నగలు వేసుకుని వచ్చింది. ఆ నగలు ఇచ్చింది బంధువైన ఒకప్పటి మిస్ నవాహో నేషన్. అమెరికా గురించి పండగ చేసుకుంటుంటే, ఆ నేల అసలు మనుషులు ఎవరో ఆ నగలే చెప్పాయి.

"ఫ్యాషన్ కంపెనీల పక్కన నిలబడటం అమ్ముడుపోవడం కాదా?" అని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇదే పరిశ్రమ 2012లో ఏం చేసిందో చూడండి. విక్టోరియాస్ సీక్రెట్ షోలో మూలవాసి కాని మోడల్ నెత్తిన ఈకల తలపాగా పెట్టి నడిపించారు. జనం మండిపడ్డాక క్షమాపణ చెప్పారు. తమ పేరు వాడి సరుకులు అమ్ముతున్నారని నవాహో నేషన్ అదే ఏడాది అర్బన్ అవుట్‌ఫిటర్స్ మీద కేసు వేసింది. 2016లో రాజీ కుదిరింది. మన వస్తువు కావాలి, మనం వద్దు అన్నది వాళ్ల పాత పద్ధతి. క్వానా రావడంతో తన వస్తువును తనే వేసుకుని, తన పేరుతో, తన మాటతో నిలబడే మనిషి ఆ వేదిక ఎక్కింది. అది చిన్న మార్పు కాదు.

కానీ అంతటితో గెలిచేశాం అనుకోవద్దు. మెట్ గాలాలో ఫొటోలు ప్రపంచమంతా తిరిగాక కూడా, ఆ లోకంలో తనకు చోటున్నట్టు అనిపించలేదని ఆమే రాసుకుంది. ఇక నేల సంగతి? 2021 జనవరిలో ఆ తీరాన్ని లీజులకు వేలం వేశారు. 2023లో వేరే ప్రభుత్వం మిగిలిన లీజులను రద్దు చేసింది. 2025 జనవరిలో ఇంకో ప్రభుత్వం వచ్చిన మొదటి రోజే మళ్లీ తవ్వకాలకు తెరవమని ఆదేశమిచ్చింది. ముఖచిత్రం వేసిన పత్రికలు ఆ ముఖాన్ని మెచ్చుకున్నాయి. ఆ ముఖం వెనకున్న నేల మాత్రం ఇంకా బేరంలోనే ఉంది.

ఆగస్టు 9న మనల్నీ వేదికల మీదికి పిలుస్తారు. థింసా ఆడమంటారు, గుస్సాడీ కిరీటాలతో సెల్ఫీలు దిగుతారు. మర్నాడు పట్టా కాగితం పట్టుకుని అదే ఆఫీసుకి వెళ్తే, రేపు రా అంటారు.

అందుకే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ చెప్పేది ఇదే. మోడలింగ్‌కి వెళ్లండి, రీల్స్ చేయండి, సినిమాల్లోకి వెళ్లండి. అవి మనవి కావని ఎవరూ అనకూడదు. కానీ కెమెరా ముందు నిలబడేముందు మూడు ప్రశ్నలు అడగండి. నా పేరు, నా జాతి పేరు వేస్తారా? డబ్బు ఎవరికి పోతుంది? నా ఊరి సమస్య చెబితే ఆ మాట ఉంచుతారా, కోసేస్తారా? జవాబు నచ్చకపోతే లేచి వచ్చేయండి. జవాబు బాగుంటే వెళ్లండి, మొత్తం గూడేన్ని వెంట తీసుకెళ్లండి.

మన అందం ఎవరో మెచ్చుకుంటే వచ్చింది కాదు. అది మన నేల ఇచ్చింది. ఆ నేల నిలవాలి.

జల్, జంగల్, జమీన్!