బ్యాడ్జీ కాదు, నంబర్ చూడండి

సర్వీస్ సెంటర్ ఉద్యోగానికి వెళ్తున్నారా? అయితే ఈ ప్రశ్నకు రెడీగా ఉండండి: 2010 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ వచ్చింది, ఇంజిన్ ఏది?

‘స్విఫ్ట్ ఇంజినే’ అంటే సరిపోదు. ఆ ఏడాదే మారుతి 1.3 లీటర్ జి13 ఇంజిన్ తీసేసి, 1.2 లీటర్ కె12 పెట్టింది. బయటికి కార్లు దాదాపు ఒకేలా ఉంటాయి. బ్యాడ్జీ ఎవరైనా మార్చేయొచ్చు.

ముందు ఆర్‌సీలో సీసీ చూడండి. 1298 అంటే పాతది, 1197 అంటే కొత్తది. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజిన్ బ్లాక్ మీద పంచ్ చేసిన నంబర్ ఆర్‌సీతో కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే ఇంజిన్ మార్చి ఉండొచ్చు.

అంచనాతో తెప్పించిన పార్టు బిగదు. కస్టమర్ ఊరుకోడు. నా దృష్టిలో ‘నాకు తెలుసు’ అనేవాళ్ల కంటే ‘చూసి చెప్తా’ అనేవాళ్లే మంచి ఇంజినీర్లు.