‘దాత’ గడిలో ఎవరి పేరు?

చరిత్ర చదివే డిగ్రీ విద్యార్థికి కంప్యూటర్ పనిముట్లు నేర్పాలన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తున్నా, వాటితో ఆ విద్యార్థి ఏ పని చేయాలన్నది అంతగా చర్చకు రావడం లేదు. పట్టికలు వేసే ఎక్సెల్, పటాలు గీసే క్యూజిస్, గ్రంథాల వివరాలను క్రమంలో పెట్టే జొటెరో వంటివి ఎలా వాడాలో కొద్దివారాల సాధనతో ఎవరికైనా పట్టుబడుతుంది. ఒక్క కాకతీయ శాసనాన్ని పట్టికలోకి ఎక్కించడం మాత్రం అంత త్వరగా తేలే పని కాదు. చరిత్ర శిక్షణ అంటూ ఉంటే అది అక్కడే మొదలవుతుంది.

నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడికి సమీపంలోని మల్కాపురం శాసనాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261 నాటి ఈ శాసనం, శైవాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని ఇస్తానని కాకతీయ రాజు గణపతిదేవుడు మాట ఇవ్వగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, మందడంతోపాటు వెలగపూడిని కూడా ధారపోసినట్లు చెబుతుంది. విద్యార్థి వేసుకున్న పట్టికలో ‘దాత’ అన్న గడి ఒక్కటే ఉంటే, అందులో వాగ్దానం చేసిన తండ్రి పేరు రాయాలా, ఇచ్చిన కుమార్తె పేరు రాయాలా? ప్రతిగ్రహీత, అంటే దానం పుచ్చుకున్నవాడు, ఎవరన్న ప్రశ్న ఇంకా చిక్కైనది. ఎందుకంటే ఆ శివాచార్యుడు తనకు దక్కినదాన్ని తన దగ్గరే ఉంచుకోక ఆలయం, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల వంటి వాటికి పంచాడు. ఒక వరుసలో ఇమిడిపోతుందనుకున్న శాసనం చివరికి పది వరుసలు అడుగుతుంది. వచన వ్యాసంలోనైతే ‘రుద్రమదేవి కాలంలో దానం జరిగింది’ అని రాసి తప్పించుకునే వీలుంది. పట్టికలో ఆ వెసులుబాటు లేదు.

కాలం గడి కూడా తిన్నగా లొంగదు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న లెక్క స్థూలంగా సరైనదే అయినా, శక సంవత్సరపు చివరి నెలల్లో, జనవరి మొదలయ్యాక, 79 కలపవలసి ఉంటుంది. పైగా శాసనాల్లో ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లు కూడా కనిపిస్తాయి కనుక, శక 1183కు దుర్మతి నామ సంవత్సరం సరిపోయినట్లుగా ఆ రెండూ పొసిగాయో లేదో ప్రతిసారీ సరిచూసుకోవాలి. ఎక్సెల్ విషయానికి వస్తే, దాని తేదీల లెక్క 1900తోనే మొదలవుతుంది; అంతకు ముందరి కాలాన్ని అది తేదీగా గుర్తించనే గుర్తించదు. అందువల్ల శాసనంలోని మాటలను ఒక గడిలో ఉన్నవి ఉన్నట్లుగా, లెక్కగట్టిన సంవత్సరాన్ని మరో గడిలో అంకెగా రాసుకోవడం ఈ పనిలో తొలి నియమం కావాలి.

పట్టికకు కావలసిన శాసన పాఠాన్ని సంపాదించడమూ తేలిక కాదు. ముద్రిత పుటల బొమ్మల్లోని అక్షరాలను వెతకడానికి వీలైన పాఠంగా మార్చే ప్రక్రియను ఓసీఆర్ అంటారు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకే రీతిగా గుర్తించే అక్షర సంకేతాల వ్యవస్థలో, 1991 నుంచే చోటు ఉన్నా, ఓసీఆర్ పాత అచ్చులో ‘మ’ను ‘య’గానూ, ‘ప’ను ‘వ’గానూ పొరబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అక్షరాలన్నీ సరిగా పడినా ‘చెరువు’ అని వెతికేవారికి బండి ‘ఱ’తో ఉన్న ‘చెఱువు’ దొరకదు. అర్థం దగ్గర చిక్కు మరింత పెద్దది. అఖండదీపం కోసం ఇచ్చిన ‘ఇనుపయెడ్లు’ శాసన భాషలో గొర్రెలు. నేటి నిఘంటువు మాత్రమే తెలిసిన యంత్రం వాటిని ఇనుముతో పోతపోసిన ఎడ్లుగా అనువదిస్తే తప్పు పట్టవలసింది యంత్రాన్ని కాదు.

ఊళ్లను అక్షాంశ రేఖాంశాలతో పటం మీద గుర్తించే విద్యను, భౌగోళిక సమాచార వ్యవస్థ అన్న పెద్ద పేరున్నదాన్ని, తెలుగు విద్యార్థి మరింత ఓపికతో నేర్చుకోవలసి ఉంటుంది. 1905లో మూడు సంపుటాలుగా వెలువడిన నెల్లూరు జిల్లా శాసనాల్లోనూ, 1948 నాటి దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలోనూ ఊళ్ల చిరునామాలు పాత తాలూకాల ప్రకారం ఉన్నాయి. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాల హద్దులు మారాయి. నాగార్జునకొండ లోయలోని స్థలాలైతే జలాశయం అడుగుకు చేరాయి. ఇన్ని అడ్డంకులు దాటి పటం సిద్ధం చేసినా, అందులో చుక్క లేనిచోట మనుషులు లేరని అనుకోవడం పొరపాటు. శాసనాల్లో ఎక్కువ భాగం ఆలయాలకిచ్చిన దానాల పత్రాలే గనుక, ఇవ్వడానికి ఏమీ లేనివాడి పేరు రాతికెక్కే అవకాశం తక్కువ.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా అన్న సందేహానికి సమాధానం ఎప్పుడో దొరికింది. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమ, వై. సుబ్బరాయలు, తొరు మత్సుయిలతో కలిసి చోళ శాసనాల్లోని వ్యక్తుల పేర్ల సూచికను కంప్యూటర్ సహాయంతో 1978లోనే వెలువరించారు. చరిత్రకారిణి సింథియా టాల్బట్ 2001 నాటి తన గ్రంథంలో కాకతీయ కాలపు శాసనాలను లెక్కగట్టి, పటాల మీద పరిచి, ఆనాటి మనుషులు తమను వర్ణం పేరుతో చెప్పుకోవడం కంటే నాయక, సెట్టి, బోయ, రెడ్డి వంటి హోదా పేర్లతో చెప్పుకోవడమే ఎక్కువని చూపారు. ఒక్కో శాసనాన్ని విడిగా చదివి మురిసిపోయే అలవాటు ఉన్నంతకాలం ఇటువంటి సంగతి కంటపడదు. అయితే ఆ లెక్కలు నిలబడింది శాసన పాఠాన్ని చదవడం తెలిసినవారు గడులు నింపారు కాబట్టేనన్నది మరువరాదు.

కనుక ఈ బోధనను కంప్యూటర్ విభాగానికి అప్పగించి చేతులు దులుపుకోవడం కళాశాలలకు తగదు. చరిత్ర అధ్యాపకులే దీన్ని చేపట్టి, సాఫ్ట్‌వేర్ల జాబితాతో సెమిస్టరు నింపకుండా, ప్రతి విద్యార్థి చేతా సొంత మండలంలోని పది శాసనాలకు పట్టిక వేయించి, ఏ గడిలో ఏది ఎందుకు రాశారో పక్కన తెలుగులో వివరణ రాయించాలి. మార్కులు ఆ వివరణకే వేయాలి.